మందు వాడుతున్నా దిగులు తిరిగొస్తే: పాఠకుల ప్రశ్నలు, వైద్యుల జవాబులు

ఈ మధ్య మాకు అందిన ఉత్తరాల్లో ఎక్కువగా కనిపించిన మాట ఒకటే: ‘డిప్రెషన్ మందు పనిచేయడం మానేసింది.’ మాట ఒకటే అయినా ఒక్కో ఇంట్లో దాని వెనకున్న సంగతి వేరు. అందుకే ఈసారి శీర్షికంతా దీనికే కేటాయించాం. ఇక్కడ రాసిన డోసులు, మందుల పేర్లు మీ డాక్టరుతో వివరంగా మాట్లాడుకోవడానికి. వాటిని చూసి సొంతంగా మార్పులు చేసుకోకండి.

ప్రశ్న: నా వయసు 42. టీచరుగా పనిచేస్తున్నాను. మూడేళ్లుగా రోజూ ఎస్‌సిటాలోప్రామ్ 10 మిల్లీగ్రాముల బిళ్ల వేసుకుంటున్నాను. రెండున్నరేళ్లు హాయిగా గడిచింది. రెండు నెలల నుంచి మళ్లీ మొదటికొచ్చింది. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోంది. పేపర్లు దిద్దుతుంటే ఒకే జవాబును మూడుసార్లు చదవాల్సి వస్తోంది. ‘ఒంటికి మందు అలవాటు పడిపోయింది, ఇక పనిచేయదు’ అంటోంది మా ఆడపడుచు. రెండు బిళ్లలు వేసుకోనా? లేక మానేయనా?
— ఒక సోదరి, తెనాలి

జవాబు: రెండూ వద్దండీ. మందు వాడుతుండగా జబ్బు తిరగబెట్టడం మీ తప్పు కాదు, అరుదూ కాదు. బ్రిటన్‌లో చాలాకాలంగా ఇలాంటి మందులు వాడుతూ బాగున్న 478 మందిని ఏడాదిపాటు గమనించి, 2021లో ఫలితాలు ప్రకటించారు. మందును క్రమంగా మానేసినవారిలో 56 శాతం మందికి దిగులు తిరిగొచ్చింది. మానకుండా వాడినవారిలోనూ 39 శాతం మందికి వచ్చింది. మందు ముప్పును తగ్గిస్తుంది గానీ పూర్తిగా తీసేయదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

మీ ఆడపడుచుగారు చెప్పినట్టు మందు ప్రభావం కాలక్రమంలో తగ్గడం కొందరిలో ఉన్నదే. కానీ మిగతావన్నీ చూశాక, చివర్లో రావాల్సిన నిర్ణయం అది. ముందు ఇంట్లోనే ఒక పని చేయండి. ఉన్న షీట్లన్నీ తీసి మంచం మీద పరిచి, బిల్లు మీది తేదీ చూసి లెక్కపెట్టండి. 30 బిళ్లలు కొని 24 రోజులైతే 6 మిగలాలి. 11 మిగిలితే అయిదు రోజులు వేసుకోలేదన్నమాట. ‘నేను రోజూ వేసుకుంటున్నాను’ అని మనస్ఫూర్తిగా నమ్మేవాళ్లకే ఈ లెక్క తేడా వస్తుంటుంది. బాగున్నప్పుడు మందు గుర్తురాకపోవడం మనిషికి సహజం. ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు 30 గంటలు పడుతుంది. ఒక్కరోజు తప్పితే పెద్ద తేడా రాదు. వరసగా మూడు రోజులు తప్పితే బాగా పడిపోతుంది, మళ్లీ మునుపటి స్థాయికి చేరడానికి దాదాపు వారం పడుతుంది. మరచిపోయిన మర్నాడు రెండు కలిపి వేసుకోకూడదు.

అదే చేత్తో షీటు వెనక సన్నక్షరాలు చదవండి. కంపెనీ మారినా ఫర్వాలేదు, మందు పేరు, మిల్లీగ్రాములు అవేనా? షాపులో 10కి బదులు 5 చేతికొచ్చినా ఎవరూ గమనించకుండా నెలలు గడిచిపోవచ్చు.

రెండోది, ఈ మూడు నాలుగు నెలల్లో కొత్తగా మొదలైన మందులు, ఆగిపోయిన మందులు. గ్యాస్ కోసం వాడే ఒమెప్రజోల్ ఎస్‌సిటాలోప్రామ్‌ను రక్తంలో దాదాపు సగం మేర పెంచుతుంది. అలాంటి బిళ్లను ఏళ్లతరబడి వాడి ఈమధ్యే ఆపేస్తే, డిప్రెషన్ మందు డోసు ఎవరూ తగ్గించకుండానే తగ్గినట్టవుతుంది. క్షయకు వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కు వాడే కార్బమజపైన్, ఫెనిటాయిన్ లాంటివి కూడా చాలా డిప్రెషన్ మందులను కాలేయంలో త్వరగా ఖర్చు చేయిస్తాయి. ఆస్తమాకో కీళ్లకో ఇచ్చే స్టెరాయిడ్లు నేరుగా మనసు మీదే ప్రభావం చూపగలవు. మందు వాడేవారికి మద్యం అలవాటుంటే ఆ సంగతి దాచకుండా డాక్టరుకు చెప్పాలి. తాగుతున్నంత కాలం ఏ డిప్రెషన్ మందూ పూర్తిగా పట్టదు.

మూడోది ఒళ్లు. మీ వయసులో థైరాయిడ్ తప్పకుండా చూడాలి. అది మందగిస్తే నీరసం, మలబద్ధకం, బరువు పెరగడం, ఏకాగ్రత లేకపోవడం అన్నీ డిప్రెషన్ లాగే కనిపిస్తాయి. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, బి12, షుగరు, సోడియం, ఈ అయిదూ ఒకే రక్త నమూనాతో చూడొచ్చు. ఇప్పటికే థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంటే పరగడుపున నీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట తర్వాతే కాఫీ తాగుతున్నారా? కాల్షియం, ఐరన్ బిళ్లలకూ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. నెలసరి లెక్క తప్పుతోందా, ఒంట్లోంచి ఆవిర్లు వస్తున్నాయా అన్నదీ చెప్పండి. ఆ దశలో పాత డిప్రెషన్ మళ్లీ తలెత్తడం మామూలే. గురక పెడుతున్నారని, మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతోందని ఇంట్లోవాళ్లు అంటే అదీ పరీక్షించాల్సిందే.

ఇంట్లో గొడవ, అప్పు, బదిలీ లాంటివి ఏవైనా ఉంటే డాక్టరుకు చెప్పండి. ‘కారణం ఉంది కాబట్టి ఇది జబ్బు కాదు’ అని మాత్రం అనుకోకండి. కారణం ఉన్న డిప్రెషన్ కూడా డిప్రెషనే.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నపత్రం నింపుకోండి. తెలుగులోనూ ఉంది. గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. పది, ఆపైన వస్తే కనీసం ఓ మోస్తరు డిప్రెషన్ ఉన్నట్టు. వారానికోసారి, ఒకే రోజున నింపి, తేదీ వేసి దాచండి. అయిదు మార్కుల తేడా వస్తే అది నిజమైన మార్పు. ‘కొంచెం బాలేదు డాక్టరుగారూ’ అని చెప్పడం కన్నా ‘ఏడు ఉండేది, పదహారైంది’ అని చూపిస్తే చికిత్స త్వరగా దారిలో పడుతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉంటే సాధారణంగా మొదట డోసు పెంచుతారు. మీది 10 కాబట్టి 15కో 20కో పెంచే వీలుంది. 20 దాటకూడదు, 65 దాటినవారికి 10 చాలు. గుండె లయ మీద ఈ మందు ప్రభావం ఉంటుంది కాబట్టి అవసరమనిపిస్తే ఈసీజీ తీయిస్తారు. మీరే రెండు వేసుకోవద్దన్నది ఇందుకే. పెంచాక రెండు నుంచి నాలుగు వారాల్లో కొంతైనా తేడా కనిపించాలి. పూర్తి ఫలితం తేల్చుకోవడానికి ఆరు వారాలు ఆగాలి. సగం మేలు కనిపిస్తే ఇంకో మందు జత చేస్తారు. ఏమీ కనిపించకపోతే మందు మారుస్తారు. మందుతోపాటు కౌన్సెలింగ్, ముఖ్యంగా ఆలోచన తీరును, రోజువారీ పనులను పట్టించుకునే సీబీటీ చేరితే, తిరగబెట్టే ముప్పు ఇంకా తగ్గుతుంది.

మూడేళ్ల కిందటి చీటీ చూపించి అదే మందు కొంటూ పోవడం మన దగ్గర బాగా అలవాటైపోయింది. బాగున్నా సరే ఏడాదికి రెండుసార్లు డాక్టరును కలవండి. ఆ ప్రశ్నపత్రంలో తొమ్మిదోది చనిపోవాలన్న ఆలోచనల గురించి. దానికి సున్నా తప్ప ఏ జవాబు వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే రాత్రీపగలూ తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ప్రశ్న: మాది వరంగల్. నాకు 34 ఏండ్లు. రెండేండ్ల సంది డిప్రెషన్ గోలీ వాడుతున్న, మంచిగనే ఉండె. నౌకరీ కోసం పుణె వచ్చిన. ఇక్కడి షాపుల అదే ఎస్‌సిటాలోప్రామ్ 10 అని వేరే కంపెనీది ఇచ్చిండ్రు. వారం కాకముందే నిద్ర పోయింది, చేతులు వణుకుతున్నయ్, గుండె దడదడ. నకిలీ మందు ఇచ్చిండ్రంటరా?

జవాబు: నకిలీ కన్నా ఎక్కువ అవకాశం ఉన్నది ఇంకొకటుంది. మీ పాత షీటు దొరుకుతుందా? దొరికితే పేరు చివర ‘ప్లస్’ లాంటి తోక ఏదైనా ఉందేమో చూడండి. కింద సన్నక్షరాల్లో ఎస్‌సిటాలోప్రామ్ 10తోపాటు ‘క్లోనజపామ్ 0.5’ అని ఉంటే మీ ప్రశ్నకు జవాబు దొరికినట్టే. ఈ రెండూ కలిపిన బిళ్లలు మన దేశంలో విపరీతంగా అమ్ముడవుతాయి. క్లోనజపామ్ ఆందోళనను తగ్గించి నిద్రపట్టించే మందు. మొదటి రెండు మూడు వారాలకు పనికొచ్చేదాన్ని రెండేళ్లు వాడితే ఒళ్లు దానికి అలవాటు పడుతుంది. షాపులో ఉత్త ఎస్‌సిటాలోప్రామ్ ఇవ్వగానే అది ఒక్కసారిగా ఆగిపోయింది. మీ వణుకు, దడ, నిద్రలేమి అలా ఆగినప్పుడు వచ్చేవే. డిప్రెషన్ మందు తన పని తాను చేస్తూనే ఉండొచ్చు.

తిరగబెట్టిన డిప్రెషన్‌కూ మందు ఆగడంవల్ల వచ్చే ఇబ్బందికీ తేడా తెలియడానికి తేదీలు చూడాలి. మందు ఆగిన వారం పది రోజుల్లో, అంతకుముందు మీకెప్పుడూ లేని వణుకు, తలతిప్పు, ఉలికిపాటు మొదలైతే అది ఆపడంవల్ల వచ్చినది. జబ్బు తిరగబెడితే వారాల తరబడి మెల్లగా కమ్ముకుంటుంది, పాత లక్షణాలతోనే వస్తుంది.

ఇవాళే డాక్టరుతో మాట్లాడండి. క్లోనజపామ్ మళ్లీ మొదలుపెట్టి, దాన్ని విడిగా, కొంచెం కొంచెంగా మెల్లగా తగ్గించుకుంటూ వస్తారు. ఎక్కువ డోసు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ కూడా రావొచ్చు కాబట్టి ఓర్చుకుని కూర్చోకండి. ఊరు మారేటప్పుడు ఖాళీ షీటు ఒకటి పర్సులో పెట్టుకోండి. మందుల చీటీ కన్నా అదే ఎక్కువ పనికొస్తుంది.

ప్రశ్న: అయ్యప్ప మాలలో ఉన్నాను. వెన్లాఫాక్సిన్ 75 ఉదయం టిఫిన్ తర్వాత వేసుకునేవాణ్ని. ఇప్పుడు ఉదయం టిఫిన్ లేదు కాబట్టి మధ్యాహ్నం భిక్ష అయ్యాక వేసుకుంటున్నాను, కొన్నిరోజులు కుదరడం లేదు. తలలో కరెంటు షాక్ కొట్టినట్టు జిల్లుమంటోంది. మందు పడటం లేదా?
— ఒక స్వామి, నెల్లూరు

జవాబు: మందు పడకపోవడం కాదు స్వామీ, మందు అందకపోవడం. వెన్లాఫాక్సిన్ చాలా త్వరగా ఒంట్లోంచి వెళ్లిపోతుంది. ఒక్కరోజు తప్పినా ఆ జిల్లు, తలతిప్పు, చిరాకు మొదలవుతాయి. భిక్ష తర్వాత వేసుకోవచ్చు, కానీ రోజూ అదే వేళకు. మధ్యాహ్నం ఒంటిగంట అంటే 41 రోజులూ ఒంటిగంటే. మెల్లగా విడుదలయ్యే క్యాప్సూల్ అయితే నమలకూడదు, విప్పి నీళ్లలో కలపకూడదు. దీక్షకోసం మందు మానాలని ఏ నియమమూ లేదు. కొండెక్కే ప్రయాణానికి నాలుగు రోజుల బిళ్లలు ఎక్కువే ఇరుముడితోపాటు సర్దుకోండి.

ప్రశ్న: బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వయసు 29. సెర్‌ట్రలిన్ 100 ఏడాదిగా వాడుతున్నాను. దిగులు లేదు, నిద్ర, తిండి, పని అన్నీ బాగానే ఉన్నాయి. కానీ ఏదీ తగలడం లేదు. నన్ను పెంచిన అమ్మమ్మ పోతే కంటతడి రాలేదు. చెల్లి పెళ్లి కుదిరితే సంతోషమూ లేదు. మందు పనిచేయడం లేదనేగా దీనర్థం?

జవాబు: బహుశా ఎక్కువగా పనిచేస్తోందని. దీన్ని భావాలు మొద్దుబారడం అంటారు. ఈ తరహా మందులు వాడేవారిలో దాదాపు సగంమంది ఎంతో కొంత ఇలా ఉందని సర్వేల్లో చెప్పారు. డిప్రెషన్ మిగిలిపోయినా ఆనందం రాదు, కానీ అప్పుడు దుఃఖం, అలసట, నిద్ర చెడిపోవడం కూడా ఉంటాయి. మీకు నవ్వు, ఏడుపు రెండూ తగ్గి, మిగతావన్నీ బాగున్నాయి. డోసు 50 నుంచి 100కి పెంచాక ఇది మొదలైందా అన్నది గుర్తు తెచ్చుకోండి. మొదలైతే అనుమానం దాదాపు ఖాయం.

ఇక్కడ జరిగే పొరపాటు ఏమిటంటే, ‘ఏదీ బాగనిపించడం లేదు’ అన్న ఒక్క మాట విని డోసు ఇంకా పెంచడం. దాంతో మొద్దుబారడం ఇంకా ఎక్కువవుతుంది. అందుకని డాక్టరుకు మీరు మాకు రాసినట్టే, అమ్మమ్మ సంగతితో సహా చెప్పండి. 100 నుంచి 75కి, కొన్ని వారాలు చూసి 50కి తగ్గించడం ఒక దారి. బ్యుప్రోపియాన్, వోర్టియోక్సెటిన్ లాంటి వేరే రకానికి మార్చడం ఇంకో దారి. ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉంటే బ్యుప్రోపియాన్ పనికిరాదు. లైంగిక కోరిక తగ్గడం కూడా ఇదే మందుతో వస్తుంది. అడగడానికి మొహమాటపడి మందు మానేసేవాళ్లు ఎందరో. ఒక్క ముక్క చెబితే దానికీ మార్గం ఉంటుంది. అమ్మమ్మ కోసం ఏడవలేకపోయినంత మాత్రాన మీకు ఆవిడంటే ప్రేమ లేదని కాదు.

ప్రశ్న: మావారికి 38. ఇప్పటికి మూడు మందులు మారాయి. ఏ మందైనా రెండు వారాల్లోనే అద్భుతంగా పనిచేస్తుంది. రెండు మూడు నెలలకు మళ్లీ మంచం దిగరు. కిందటిసారి బాగున్నప్పుడు రాత్రి మూడు గంటలే పడుకునేవారు, అలసట లేదు. మాకు చెప్పకుండా బండి బుక్ చేశారు. నాలుగో మందు అడగమంటారా?
— ఒక గృహిణి, ఒంగోలు

జవాబు: అమ్మా, నాలుగో మందు కన్నా ముందు, ఆయన మూడు గంటలే పడుకోవడం, చెప్పకుండా బండి బుక్ చేయడం గురించి మీరు రాసిన రెండు వాక్యాలు డాక్టరుకు చెప్పండి. బహుశా ఇంతవరకూ ఆ మాట డాక్టరు చెవిన పడి ఉండదు. మనిషి కుంగినప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్తాం గానీ, హుషారుగా ఉంటే తీసుకెళ్లం కదా.

నిద్ర తక్కువైనా అలసట లేకపోవడం, మాట వేగం, ఖర్చు, పెద్ద పెద్ద పథకాలు, చిన్నదానికే కోపం, ఇవి వరసగా నాలుగు రోజులు, అంతకు మించి ఉన్నాయంటే బైపోలార్ ఏమో అని చూడాలి. ఈ జబ్బులో డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే మనిషిని పైకెత్తి మళ్లీ కిందికి పడేయొచ్చు. బయటికి అది ‘మందు పనిచేసి ఆగిపోయింది’ అన్నట్టు కనబడుతుంది. దీని చికిత్స వేరు. లిథియం, క్వెటియాపిన్, లామోట్రిజిన్ లాంటివి వాడతారు. లిథియం అయితే రాత్రి డోసుకు 12 గంటల తర్వాత రక్తం తీసి స్థాయి చూడాలి. కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు కూడా క్రమం తప్పకుండా చేయించాలి.

ఒక నోటుపుస్తకంలో రోజూ మూడే అంకెలు రాయండి: ఎన్ని గంటలు పడుకున్నారు, హుషారు పదికి ఎంత, దిగులు పదికి ఎంత. పాత మందులు ఏ నెలలో మొదలయ్యాయో, ఎప్పుడు ఆగాయో గుర్తున్నంత వరకు మొదటి పేజీలో రాయండి. ఆయన వైపు చుట్టాల్లో ఎవరికైనా ఇలా ఉండేదా అన్నదీ అత్తగారిని అడిగి తెలుసుకోండి. ఇప్పుడున్న మందును మీరుగా ఆపకండి. రెండు రాత్రులు బొత్తిగా నిద్రలేకుండా హుషారుగా తిరుగుతుంటే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా తీసుకెళ్లండి.

ప్రశ్న: నేను డల్లాస్‌లో ఉంటాను. కాకినాడలో నాన్నగారికి 68 ఏళ్లు. ఎస్‌సిటాలోప్రామ్ 10 రెండేళ్లుగా బాగా పనిచేసింది. మూడు వారాలుగా మాట తడబాటు, మతిమరుపు, నీరసం, వికారం. ‘డిప్రెషన్ ఎక్కువైంది, మందు మార్పించు’ అంటోంది అమ్మ. నెల కిందట బీపీ మాత్ర మార్చారు.

జవాబు: ఇది చదవగానే అమ్మగారికి ఫోన్ చేసి, ఇవాళే సోడియం పరీక్ష చేయించమనండి. కొత్త బీపీ మాత్ర షీటు ఫోటో తెప్పించుకోండి. టెల్మిసార్టాన్‌తోపాటు క్లోర్‌థాలిడోన్ లేదా హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 అని ఉందేమో చూడండి. అవి మూత్రంలో ఉప్పును పంపేసే మందులు. ఎస్‌సిటాలోప్రామ్ రకం మందులు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతాయి. పెద్ద వయసులో రెండూ కలిస్తే రక్తంలో సోడియం పడిపోతుంది. బీపీ అని కూరలో ఉప్పు కూడా తగ్గించి ఉంటే మరీను. మామూలుగా 135 నుంచి 145 ఉండాలి. 130 కంటే తగ్గితే ఆ రోజే డాక్టరు చూడాలి. 125 కంటే తగ్గినా, మత్తుగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా నేరుగా ఆస్పత్రికే.

ఇంట్లో ఉప్పునీళ్లు తాగించి సరిచేయాలని చూడొద్దు. చాలాకాలంగా తగ్గి ఉన్న సోడియాన్ని గబగబా పెంచితే మెదడుకే దెబ్బ. ఆస్పత్రిలో గంటల లెక్కన మెల్లగా పెంచుతారు. బీపీ మాత్ర మార్చడమో, డిప్రెషన్‌కు సోడియం మీద ప్రభావం తక్కువుండే మిర్టజపిన్ లాంటిది పెట్టడమో ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకుని తేలుస్తారు. ఒక డాక్టరు దగ్గర ఇంకో డాక్టరు ఇచ్చిన చీటీ ఉందా అన్నది దూరాన ఉన్న మీరు ఫోన్లోనే చూసుకోగల పని. అమ్మగారు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి: మోకాళ్ల నొప్పికి షాపులో అడిగి ట్రమడాల్ తెచ్చివ్వకూడదు. ఈ మందుతో అది కలిస్తే చెమటలు, వణుకు, కండరాలు ఎగిరిపడటం, జ్వరం దాకా వెళ్లొచ్చు.

ప్రశ్న: రెండు మందులు పూర్తి డోసులో వాడాం. ఫలితం లేదు. ఇక కరెంటు ట్రీట్‌మెంటే అంటున్నారు. భయంగా ఉంది.
— కరీంనగర్ నుంచి ఒక అన్న

జవాబు: రెండు మందులనూ సరైన డోసులో, ఒక్కోటీ కనీసం ఆరు వారాలు వాడాక కూడా మేలు లేకపోతేనే ‘మందుకు లొంగని డిప్రెషన్’ అంటారు. అది నిజంగా జరిగిందా అని ముందు తేదీలతో రాసి చూడండి. రెండు వారాలు వాడి మార్చినది లెక్కలోకి రాదు. ఈసీటీకి, అంటే మీరన్న కరెంటు ట్రీట్‌మెంటుకు ముందు ఇంకా మెట్లున్నాయి. ఉన్న మందుకు అరిపిప్రజోల్ 2 నుంచి 5 మిల్లీగ్రాములు జత చేయడం, లిథియం జత చేయడం లాంటివి. అరిపిప్రజోల్‌తో కాళ్లు ఒకచోట నిలవని అలజడి వస్తే అది జబ్బు పెరగడం కాదు, మందు ప్రభావం. వెంటనే చెప్పాలి.

తిండి నీళ్లు మానేసినప్పుడు, చావు ఆలోచన బలంగా ఉన్నప్పుడు మాత్రం ఈసీటీని ఆలస్యం చేయకూడదు. దానంత త్వరగా మనిషిని నిలబెట్టేవి తక్కువ. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మత్తు, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా ఈసీటీ చేయడం నిషేధం. పాత సినిమాల్లో చూసినట్టు ఉండదు. వారానికి రెండు మూడుసార్లు చొప్పున మొత్తం ఆరు నుంచి పన్నెండు సార్లు చేస్తారు. నిద్రలోనే అయిపోతుంది. ఆ రోజుల చుట్టుపక్కల సంగతులు కొన్ని మరుపుకు రావొచ్చు, ఎక్కువమందికి అది వారాల్లో సర్దుకుంటుంది. అయిపోయాక మందు కొనసాగించకపోతే తిరగబెట్టే ముప్పు ఎక్కువ, అందుకని ‘కరెంటు పెట్టించాం కదా’ అని మాత్రలు ఆపొద్దు. రెండో అభిప్రాయం కావాలంటే హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థకు వెళ్లొచ్చు. వెళ్లేటప్పుడు పాత చీటీలు, ఖాళీ షీట్లు, రక్తపరీక్షల కాగితాలు ఒకే సంచిలో పెట్టుకుని, రోజూ దగ్గరుండి చూసేవారిని ఒకరిని వెంట తీసుకెళ్లండి.